నాలుగో అంచు

పోయిన వారం మీరు నన్ను ఎక్కడ వదిలేసి వెళ్ళారో ఇంకా అక్కడే ఉన్నాను. మా అత్తగారింటి వంటగదిలో, మూడు మెట్ల నిచ్చెన మీద, చేతిలో స్క్రూడ్రైవరు పట్టుకుని, దొంగకు తేలు కుట్టినట్టు.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెబుతాను. నేను వడ్రంగిని. ఈ వంటగది కప్‌బోర్డులు ఏడాదిన్నర కిందట నేనే చేశాను. ఇల్లు నా బావమరిదిది, అంటే నా భార్య తమ్ముడిది. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. మా అత్తగారు ఉండేది అతని దగ్గరే. అతని భార్య రైల్వే స్టేషన్‌లో అనౌన్సరు. ఏ బండి ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తోందో మైకులో చెప్పేది ఆమే. వరసకి నాకు చెల్లెలు. నన్ను "అన్నయ్యా" అని నోరారా పిలుస్తుంది. ఆమె ఉద్యోగమంతా గొంతు మీదే నడుస్తుంది కాబట్టి, రోజూ పొద్దున్నే కెటిల్‌లో నీళ్ళు మరిగించి బేసిన్‌లో పోసుకుని, తలమీద తువ్వాలు కప్పుకుని పది నిమిషాలు ఆవిరి పట్టేది.

మూడు వారాల కిందట పై కప్‌బోర్డుల తలుపులు అడుగున ఉబ్బాయి. పైపొర బుడగలు లేచింది. ఒక తలుపు మూస్తే ఇంకోటి తెరుచుకోవడం మొదలైంది. బావమరిది నన్ను పిలిపించి, "ఎందుకిలా అయింది బావా?" అని అడిగాడు. నేను నాలుగు తలుపులు తట్టి, రెండు తలుపులు గోకి, డాక్టరు మొహం పెట్టి ఒకే ఒక్క మాట అన్నాను. "ఆవిరి."

ఆ సాయంత్రానికల్లా కెటిల్ వెళ్ళి బీరువా మీద కూర్చుంది. "నావల్ల ఇల్లు పాడైపోతోందంటే నాకెందుకులెండి" అని చెల్లెమ్మ మళ్ళీ దాని మొహం చూడలేదు. మూడు వారాల్లో ఆ గొంతు బొంగురుపోయింది. ఇవాళ పై ఆఫీసు నుంచి ఒకాయన వస్తున్నాడు. పన్నెండు గంటల బండికి ఆమె చెప్పే మాటలు స్వయంగా విని, మైకు ఆమెకే ఉంచాలో, లేక మెషీన్ గొంతు పెట్టించి ఆమెను పార్సిల్ గదిలోకి పంపాలో తేల్చేస్తాడు.

నేనన్నది అబద్ధం కాదు. ఆవిరి వల్లే ఉబ్బాయి. కాని వానకి గోడ కూలిందని చెప్పేవాడు, ఆ గోడకి పునాది తవ్వలేదన్న ముక్క కూడా చెప్పాలి కదా. ఆ ముక్క నేను మింగేశాను. మూడు వారాలైనా అది గొంతు దిగడం లేదు.

పదిన్నరకి పని మొదలుపెట్టాను. ఆరు తలుపులూ ఒక్కొక్కటే విప్పి, పాత దుప్పటి పరిచిన బల్లమీద వరసగా పడుకోబెట్టాను. ఇంట్లో నేనూ మా అత్తగారూ తప్ప ఎవరూ లేరు. ఎక్కువసేపు నిలబడితే నడుం పట్టేస్తుందని ఆవిడ ఎప్పుడూ జానెడెత్తు పీట మీద కూర్చునే కూరలు తరుగుతారు. ఇవాళ కూడా స్టవ్వుకి ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. నేను వచ్చినప్పటినుంచి ఆవిడ నాతో మాట్లాడింది రెండే మాటలు. ఒకటి "రండి", రెండోది "టీ తాగండి".

తలుపు అనగానే జనం ముందు మొహమే చూస్తారు. మాకు తలుపంటే నాలుగంచులు. ఈ బోర్డులో ఉండేది చెక్క కాదు, జిగురు కలిపి అదిమిన రంపపు పొట్టు. పైకి మాత్రం అద్దంలా మెరుస్తుంది. పైన పటారం, లోన లొటారం. అందుకే కోసిన ప్రతి అంచుకీ రిబ్బనంత పల్చటి పట్టీ అంటించి, లోపలి పొట్టుకి తడి తగలకుండా మూసేస్తాం. నాలుగంచులూ సరిగ్గా మూస్తే పదేళ్ళ వంట కూడా ఆ తలుపుని ఏమీ చెయ్యలేదు. ఒక్క అంచు వదిలేస్తే చాలు, ఆవిరి అక్కణ్ణుంచే లోపలికి పాకుతుంది. పొట్టు ఆ తడిని తాగి ఉబ్బుతుంది. ఆ తర్వాత ఎంత ఎండబెట్టినా తడి పోతుంది గాని ఉబ్బు పోదు.

నేను వదిలేశాను. ఆరు తలుపులకీ, అడుగంచు.

ఎలా వదిలేశానంటే, ఆ రోజు మధ్యాహ్నానికి పట్టీ చుట్ట అయిపోయింది. పక్క అంచులూ పై అంచూ అయ్యాయి, కిందివి మిగిలాయి. తెప్పించాలంటే రెండు గంటలు. తలుపు బిగించాక ఆ అంచు మనిషికి కాదు కదా, పిల్లికి కూడా కనపడదు. మర్నాడొచ్చి వేద్దాంలే అని బిగించేశాను. మరిచిపోకుండా గుర్తుకోసం ప్రతి అడుగంచు మీదా పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టుకున్నాను. కిటికీ పక్కనున్న ఆరో తలుపుకి మాత్రం నా కోడిగీతల్లో రెండు మాటలు రాసుకున్నాను. "పట్టీ రేపు."

మర్నాడు ఒక దుకాణం కౌంటరు పని తగిలింది. దాని మర్నాడు ఇంకోటి. నా భార్య వచ్చినవాళ్ళందరికీ "మా తమ్ముడి వంటగది మా ఆయనే చేశారు, వెళ్ళి చూసి రండి" అని చెప్పుకుంటూ తిరిగింది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఆ అంచు గుర్తొచ్చేది. విన్న గంటకి మళ్ళీ మరిచిపోయేవాణ్ణి.

ఇప్పుడు తలుపులన్నీ తిరగేసి ఉంటే, ఏది ఎంత ఉబ్బిందో గుడ్డివాడికైనా తెలుస్తుంది. స్టవ్వు పక్కన, కరెంటు కుక్కరుకి సరిగ్గా పైన ఉన్న మూడో తలుపూ నాలుగో తలుపూ అడుగున బొటనవేలంత మందం అయ్యాయి. ఇంటూ గుర్తులు చెదిరిపోయాయి. కిటికీ పక్కనున్న ఆరోది మాత్రం దాదాపు కొత్తదానిలా ఉంది. "పట్టీ రేపు" నిన్న రాసినట్టుంది. చెల్లెమ్మ కెటిల్ ఉండేది ఆ కిటికీ దగ్గరే. ఆమె ఆవిరంతా ఎటు పోయిందో ఆ తలుపే చెబుతోంది.

ఇది ఇవాళ కొత్తగా కనిపెట్టింది కాదు. మూడు వారాల కిందటే నా కళ్ళబడింది. ఎవరి ఆవిరి అని నన్ను ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఆరో తలుపుని కొద్దిగా పక్కకి తిప్పి, దానిమీద గుడ్డ ముక్క ఒకటి కప్పాను.

"అల్లుడుగారూ," అన్నారు అత్తగారు తల ఎత్తకుండానే. "గుడ్డ కప్పితే పోతుందా అది?"

"ఏది అత్తయ్యా?"

"ఏదేమిటండీ. పట్టీ రేపు."

నిచ్చెన దిగి ఉన్నాను కాబట్టి సరిపోయింది. ఎక్కి ఉంటే ఇవాళ పనికి వడ్రంగితో పాటు ఎముకల డాక్టరు కూడా కావలసి వచ్చేవాడు.

"మీకెలా తెలుసు?" అన్నాను.

ఆవిడ చిక్కుడుకాయ పట్టుకున్న చేత్తోనే పైకి చూపించారు. "నిలబడి వంట చేసేవాళ్ళకి తలుపుల మొహం కనపడుతుంది. పీట మీద కూర్చునేదానికి అడుగులు కనపడతాయి. పైగా మా అబ్బాయి చేసిచ్చిన కళ్ళజోడాయె, చీమ కాళ్ళు కూడా లెక్కపెట్టొచ్చు. మీరు బిగించి వెళ్ళిన రోజు సాయంత్రమే చదివాను. ఆ తర్వాత రోజూ చదువుతూనే ఉన్నాను. ఆ రేపు ఎప్పుడొస్తుందా అని."

"మరి అబ్బాయికి చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? చెబితే మా అమ్మాయి మొహం ఎక్కడ పెట్టుకుంటుంది? మా ఆయన పనికి వంక పెట్టేవాడు లేడని ఊరంతా చెప్పుకుంటోంది. సొంత తమ్ముడింట్లోనే మీరు ఇలా చేశారని తెలిస్తే?" ఆవిడ ఈనె ఒకటి తీసి పళ్ళెంలో వేశారు. "పైగా ఆ రోజు తొందరపెట్టింది నేనే. మూడు రోజులుగా గిన్నెలన్నీ నేలమీదే ఉన్నాయి, ఎలాగోలా బిగించి పొండి బాబూ అన్నాను. గుర్తుందా?"

గుర్తుంది. ఆ మాట పట్టుకుని తప్పంతా ఆవిడ మీదికి నెట్టేద్దామని కూడా ఒకటి రెండు సార్లు అనిపించింది. మనిషన్నవాడు ఎంత దూరం దిగజారగలడో మూడు వారాల్లో నేను మెట్టు మెట్టూ చూసుకున్నాను.

"కుక్కరు పెట్టేది కూడా నేనేగా," అన్నారు ఆవిడ ఇంకాస్త నెమ్మదిగా. "మీరు ఆవిరి అనగానే వాడు కోడలి వైపు చూశాడు. నేను చిక్కుడుకాయల వైపు చూశాను. ఆ పిల్ల కిటికీలో పెట్టుకునేది కెటిల్. నా కుక్కరు ఆవిరి తిన్నగా ఆ మూడో తలుపుకే కొట్టేది. అన్నీ తెలుసు. పరాయింటి పిల్ల, ఓర్చుకుంటుందిలే అనుకున్నాను."

ఇంకో నాలుగు కాయల ఈనెలు తుంచి, ఆవిడే మళ్ళీ అన్నారు.

"ఇప్పుడు మీరు వచ్చారు కదా. పట్టీ వేసెయ్యండి. గరుకు కాగితంతో ఆ రాత గీకెయ్యండి. నేను చూడలేదు, మీరు రాయలేదు. వచ్చే నెలనుంచి ఆ పిల్ల కెటిల్ ఆ పిల్లకి ఇచ్చేద్దాం. కొత్త పట్టీ వేశాను, ఇక పరవాలేదని మీరే చెప్పండి."

వినడానికి ఎంత బాగుందో! ఎవరి పరువూ పోదు, ఎవరి మొహమూ చిన్నబోదు. ఒక్క చెల్లెమ్మ మీద మాత్రం ఇల్లు పాడుచేసిందన్న మాట అలాగే ఉండిపోతుంది, అంతే. నేను తల ఊపాను. సిగ్గులేకుండా ఊపాను.

మూడూ నాలుగూ తలుపులు ఇక బాగుపడవు, వాటికి కొత్త బోర్డు కొయ్యాల్సిందే. మిగతావాటి పని పట్టాను. లేచిన పైపొరని చాకుమొనతో ఎత్తి, లోపల జిగురు పూసి, క్లాంపులు బిగించాను. అడుగంచు మీది ఉబ్బుని పల్చగా చెక్కి, గరుకు కాగితంతో రుద్దాను. ఒకటో తలుపు ఇంటూ గుర్తు పోయింది. రెండోది పోయింది. ఐదోది పోయింది. ఒక్కో గుర్తు పోతుంటే మనసు తేలికపడుతుందనుకున్నాను. పడలేదు.

ఆరో తలుపు మీద గుడ్డ తీసి, గరుకు కాగితం "పట్టీ" మీద ఆనించాను.

అప్పుడే కిటికీలోంచి స్టేషన్ గంట మోగింది. స్టేషన్ ఇక్కడికి రెండు వీధుల అవతల. లౌడ్‌స్పీకరు మాటలు ఈ వంటగదిలో అక్షరం పొల్లుపోకుండా వినపడతాయి. పెళ్ళైన కొత్తలో బావమరిది దీనిమీద తెగ జోకులు వేసేవాడు. "మా ఆవిడ ఎక్కడుందో నాకెప్పుడూ తెలుసు బావా, ఊరందరికీ తెలుసు" అనేవాడు. భోజనానికి పిలిస్తే "ఏ ప్లాట్‌ఫాం?" అని అడిగేవాడు. ఆమె కూడా ఊరుకునేది కాదు, "మొదటిది, బండి కదలడానికి సిద్ధంగా ఉంది" అనేది.

అత్తగారి చెయ్యి ఆగింది. గోడ గడియారంలో పన్నెండు.

"ప్రయాణికులకు మనవి," అంది చెల్లెమ్మ గొంతు. మొదటి మాట బాగానే వచ్చింది. కాస్త బరువుగా, అంతే. "తీరం వైపు వెళ్ళే బండి మరికొద్ది సేపట్లో రెండో నంబరు..."

అక్కడ గొంతు చీలింది. ఒక దగ్గు. మైకు ఆపలేదు కాబోలు, ఆ దగ్గు ఊరంతా విన్నది.

"రెండో నంబరు ప్లాట్..."

మళ్ళీ దగ్గు. మళ్ళీ ఇంకోసారి "రెండో" అంది, కాని అది మాటలా లేదు, గాలి మాత్రమే. ఆపైన టక్కున చప్పుడు. మైకు కట్టేశారు. కాసేపటికి బండి కూత వేసుకుంటూ వచ్చేసింది. ఎక్కడ ఆగుతుందో చెప్పేవాళ్ళు లేక జనం ప్లాట్‌ఫాం మీద అటూ ఇటూ పరుగెత్తుతున్న అలికిడి ఇక్కడికి వినపడ్డట్టే అనిపించింది నాకు.

నా చేతిలో ఇంకా గరుకు కాగితం ఉంది. దాన్ని చూస్తే నా మీద నాకే అసహ్యం వేసింది. పట్టీ వెయ్యకపోవడం బద్ధకం. బద్ధకాన్ని ఎవరైనా క్షమిస్తారు. ఒక్క మాటతో నన్ను నేను కాపాడుకుని, నన్ను అన్నయ్యా అని పిలిచే మనిషి గొంతు నొక్కేశాను. దీన్ని ఏమంటారో నాకు తెలీదు. తప్పు అన్న మాట దీనికి చాలదు.

కాగితం బల్లమీద పడేశాను. నేరుగా పడకగదిలోకి వెళ్ళి, బీరువా మీది కెటిల్ దించాను. మూడు వారాల దుమ్ము పేరుకుని ఉంది. తెచ్చి సింకులో కడుగుతుంటే అత్తగారు చిక్కుడుకాయల పళ్ళెం పక్కకి జరిపి, పీట మీదనుంచి మెల్లగా లేచి, ఉతికిన తువ్వాలు ఒకటి తెచ్చి కుర్చీ మీద వేశారు.

పన్నెండున్నరకి గేటు చప్పుడైంది. చెల్లెమ్మ వచ్చింది. మెడకి చున్నీ చుట్టుకుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి, అలవాటుగా పలకరించబోయి, పెదవులు కదిపి, గొంతు రాక చేత్తో మెడ చూపించి నవ్వబోయింది. ఆ నవ్వు చూడడంకన్నా ఆమె నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

"చెల్లెమ్మా, కూర్చో," అన్నాను. "నీతో ఒక మాట చెప్పాలి. మూడు వారాల కిందట చెప్పాల్సిన మాట."

కూర్చోలేదు. నిలబడే వింది. అంతా చెప్పాను. పట్టీ చుట్ట అయిపోవడం దగ్గరనుంచి ఆవిరి అన్న మాటదాకా, ఆరో తలుపు ఉబ్బలేదని ఆ రోజే గమనించినదాకా, అరగంట కిందట గీకెయ్యబోయినదాకా. ఎక్కడా "కాని" అన్న మాట రాకుండా చూసుకున్నాను. ఆ మాట వస్తే దాని వెనకాలే సాకు వస్తుందని నాకు తెలుసు.

ఆమె బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆరో తలుపు అంచుని బొటనవేలితో తడిమింది. "పట్టీ రేపు" చదివింది. తర్వాత మూడో తలుపు చూసింది, నాలుగోది చూసింది, కుక్కరు చూసింది. చివరికి అత్తగారి వైపు చూసింది. ఆవిడ తల వంచుకున్నారు.

అప్పుడు చెల్లెమ్మ నా దగ్గరికొచ్చి, నా చెవి మీద ఉన్న పెన్సిలు లాక్కుంది. ఐదో తలుపు వెనకవైపు తెల్లటి పలక మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది.

"మూడింటి బండికి మళ్ళీ వింటామన్నారు. నీళ్ళు పెట్టండి."

రెండుసార్లు చదివాను. ఆమె నాకు చీటీ రాసినా, ఫోన్లో మెసేజ్ పెట్టినా చివర "అన్నయ్యా" అని ఉంటుంది. పదేళ్ళుగా ఉంటోంది. ఇందులో లేదు.

నీళ్ళు పెట్టాను. కెటిల్‌ని కప్‌బోర్డుల కింద కాకుండా కిటికీ గట్టు మీద, ఆమె ఎప్పుడూ పెట్టుకునే చోటే పెట్టి కిటికీ రెక్కలు రెండూ తెరిచాను. నీళ్ళు మరిగాక బేసిన్‌లో పోసి బల్ల చివర పెట్టాను. తువ్వాలు కప్పుకోబోతూ ఆమె ఒక్క క్షణం ఆగి, ఆరో తలుపుని తనవైపు తిప్పుకుని అంచు మీద చిన్న అక్షరాలతో ఇంకేదో రాసింది. నేను తొంగి చూడలేదు. చూసే హక్కు నాకు లేదనిపించింది. ఆమె తల తువ్వాలు కిందికి వెళ్ళింది. రెండోసారి, మూడోసారి నీళ్ళు మార్చింది అత్తగారు.

నేను ఇస్త్రీ పెట్టె వేడిచేసుకుని ఒకటో తలుపుకి పట్టీ అంటించడం మొదలుపెట్టాను. పట్టీ మీద కాగితం వేసి, ఇస్త్రీ పెట్టె మెల్లగా నడిపి, వేడి చల్లారేదాకా చెక్కముక్కతో అదిమి పట్టుకోవాలి. ఒక్కో తలుపుకి పది నిమిషాలు. ఏడాదిన్నర కిందట ఆరు తలుపులకీ కలిపి పట్టేది ఒక్క గంట.

ఒకటిన్నరకి బావమరిది భోజనానికి వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. బల్లమీద బేసిన్, తువ్వాలు కింద భార్య, కిటికీలో కెటిల్, గదంతా ఆవిరి.

"ఇదేమిటి? మళ్ళీ మొదలుపెట్టావా?" అన్నాడు. "బాగుచేస్తున్న మనిషి పక్కనే నిలబడి ఉండగా? చేతులు కాలాక కూడా బుద్ధి రాకపోతే ఎలా?" తువ్వాలు కదల్లేదు. అతను నా వైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పు బావా! ఆ రోజు చెప్పావుగా, ఆవిరి అని. మళ్ళీ చెప్పు ఆ మాట."

నేను నోరు తెరిచాను. కాని ముందు మాట్లాడింది అత్తగారు.

"నువ్వు జేబులోంచి కళ్ళజోడు తియ్యి. పెట్టుకుని, ఆ చివరి తలుపు అడుగున ఏముందో చదువు."

"ఏముంటుందమ్మా అక్కడ?"

"చదవమన్నానా!"

ఆవిడ అల్లుడి ముందు కొడుకు మీద గొంతెత్తడం నేను ఎప్పుడూ వినలేదు. అతను కళ్ళజోడు పెట్టుకుని తలుపు ఎత్తి వెలుతురుకి పట్టాడు. అర మిల్లీమీటరు తేడాని కనిపెట్టే కళ్ళు అవి. ఏడాదిన్నరగా ఈ తలుపు రోజూ తీసి వేస్తున్నాడు, ఆ అంచు మాత్రం చూడలేదు.

"పట్టీ రేపు," అని చదివాడు. అతని మొహంలో రంగు మారింది. "ఇది నీ రాత కదూ బావా?"

"నాదే," అన్నాను. "ఆ అంచులు నేను మూయలేదు. అందుకే ఉబ్బాయి. నేను మూసి ఉంటే ఈ ఆవిరి వాటిని ఏమీ చేసేది కాదు. ఆ రోజు ఆ ముక్క దాచిపెట్టాను."

"ఎక్కువగా తగిలిందీ నా కుక్కరు ఆవిరే," అన్నారు అత్తగారు. "నేనూ దాచిపెట్టాను."

అతను మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అరుస్తాడనుకున్నాను, అరిస్తే బాగుండుననుకున్నాను. కాని అతని కళ్ళు మళ్ళీ అంచు మీదికి వెళ్ళాయి.

"కింద ఇంకేదో ఉంది," అన్నాడు.

"అది కూడా చదువు," అన్నారు అత్తగారు.

ఈసారి నెమ్మదిగా, ఒక్కో మాటా కూడబలుక్కుంటున్నట్టు చదివాడు. "కెటిల్ ఎక్కడ పెట్టుకుంటున్నానో ఒక్కసారైనా అడిగారా?"

చేతిలో తలుపుతోనే అతను కిటికీ వైపు తిరిగాడు. కెటిల్ పక్కకి జరిపాడు. గట్టు మీద పాత రంగులో గుండ్రటి మచ్చ ఒకటి ఉంది, కెటిల్ అడుగంత. ఎన్నాళ్ళో రోజూ ఒకేచోట పెడితేగాని పడని మచ్చ. ఇంటికి వచ్చినవాళ్ళందరికీ కనపడేదే. మాకెవరికీ కనపడలేదు.

అతను భార్య భుజం మీద చెయ్యి వెయ్యబోయి ఆగిపోయాడు.

అప్పుడు కిటికీలోంచి లౌడ్‌స్పీకరు మోగింది.

"ప్రయాణికులకు మనవి." ఆడగొంతే. నున్నగా, తీయగా ఉంది. ఎక్కడా ఊపిరి తీసుకోవడం లేదు. "తీరం వైపు వెళ్ళే బండి మరికొద్ది సేపట్లో రెండో నంబరు ప్లాట్‌ఫాం మీదికి వచ్చును." ఇప్పుడు ఆ బండి లేదు. పన్నెండింటికే వచ్చి వెళ్ళిపోయింది. ఒక్క నిమిషం ఆగి అదే వాక్యం మళ్ళీ వచ్చింది, మొదటిసారి ఎలా ఉందో అచ్చంగా అలాగే. మెషీన్‌ని సరిచూసుకుంటున్నారు. గడియారంలో ఒకటీ నలభై. మూడింటిదాకా ఆగుతామన్నవాళ్ళు ఆగలేదు.

చెల్లెమ్మ తువ్వాలు తీసి తల పైకెత్తింది. మొహమంతా తడి. మూడోసారి మొదలైన ఆ వాక్యాన్ని చివరిదాకా వింది. తువ్వాలుతో మొహం తుడుచుకుంది. గొంతు సవరించుకుంది.

"అన్నయ్యా," అంది.

బొంగురు పూర్తిగా పోలేదు. కాని మాట విరగలేదు. ఆ పిలుపులో క్షమించినట్టేమీ లేదు, పని పురమాయించేటప్పటి పిలుపు అది. ఆమె మొగుడి చేతుల్లోంచి ఆరో తలుపు తీసి నా చేతుల్లో పెట్టింది.

"ఇది పట్టుకుని నాతో స్టేషన్‌కి రండి. నా గొంతు ఎందుకు పోయిందో మీరు చెప్పాల్సింది ఈ వంటగదిలో కాదు, అక్కడ."